మచ్చలు లేని మచ్చల గుర్రం

అమెరికాలోని స్పోకేన్‌లో విమానం దిగి కారులో దక్షిణానికి మళ్లితే దారికి అటూ ఇటూ గోధుమ చేలే. నేల చదునుగా ఉండదు. ఎప్పుడో గాలి తెచ్చి పోసిన మెత్తటి మట్టి, గుట్టలు గుట్టలుగా. జూన్ కావడంతో కనుచూపుమేరా పచ్చగా ఉంది. ఇదే పలూస్ ప్రాంతం. ఒంటి మచ్చలకు పేరుపడ్డ అప్పలూసా గుర్రాల పేరు ఇక్కడి నుంచే వచ్చిందంటారు.

మా అక్క కొడుకు పుల్‌మన్‌లో చదువుతున్నాడు. అక్కడి నుంచి ఐడహో సరిహద్దు దాటగానే మాస్కో ఊరు. "గుర్రాలు చూడ్డానికి ఇంత దూరం వచ్చావా మామయ్యా?" అన్నాడు గానీ, కంచె దగ్గరికి వెళ్లాక నాకంటే వాడే ఎక్కువ ఫొటోలు తీశాడు.

1938లో పుట్టిన అప్పలూసా హార్స్ క్లబ్ కార్యాలయం, మ్యూజియం ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. లెపర్డ్ రకానికి తెల్లటి ఒళ్లంతా నల్ల మచ్చలు. బ్లాంకెట్‌కి తుంటి మీద మాత్రమే తెలుపు. వార్నిష్ రోన్ నాకు అన్నిటికన్నా నచ్చింది. అది ముదురు రంగులోనే పుట్టి, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడుతుంది. ముక్కు దూలం, చెంప ఎముకలు, తుంటి ఎముకల మీద మాత్రం పాత రంగు నిలిచిపోతుంది, సున్నం వేసిన గోడ అంచుల్లో పాత రంగు తొంగిచూసినట్టు. చిన్నప్పటి ఫొటో పెట్టుకుని వెతికితే ఈ గుర్రాన్ని పోల్చుకోలేం.

అందుకే తెలిసినవాళ్లు మచ్చలతో ఆగరు. మూతి చుట్టూ గులాబీ, నలుపు కలగలిసిన చర్మం ఉందా, నల్లగుడ్డు చుట్టూ మనుషులకు మల్లే తెలుపు కనిపిస్తుందా, గిట్టల మీద నిలువు చారలున్నాయా అని చూస్తారు.

దీనికంతటికీ మూలం ఎల్‌పీ (లెపర్డ్ కాంప్లెక్స్) అనే జన్యువు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ అందితే మచ్చలు పెరుగుతాయనుకుంటాం కదా? తగ్గుతాయి! ఒళ్లు దాదాపు తెల్లగా, అక్కడక్కడా చుక్కతో ఉండే ఫ్యూస్పాట్ అలా పుట్టిందే. పైగా ఇలా రెండు ప్రతులూ ఉన్న గుర్రానికి పుట్టుకతోనే రేచీకటి. రాత్రిపూట దారి తెలియదు. అందం కోసం జతకట్టించేవాళ్లు ముందు ఈ సంగతి ఆలోచించాలనిపించింది.

మర్నాడు లూయిస్టన్ ఘాట్‌రోడ్డు దిగి స్పాల్డింగ్ వెళ్లాం. అది నెజ్ పర్స్ అనే అమెరికా ఆదివాసుల సీమ. వాళ్ల గుర్రాల గురించి అమెరికన్ అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ 1806 ఫిబ్రవరిలో డైరీలో రాసుకున్నాడు. ఒడ్డూపొడుగూ, చురుకూ, ఓర్పూ ఉన్న మేలుజాతి అని మెచ్చుకున్నాడు. కొన్నిటికే పెద్ద పెద్ద తెల్ల మచ్చలున్నాయట. ఎక్కువ వాటికి ఒళ్లంతా ఒకే రంగు, నుదుట చుక్క, తెల్ల కాళ్లు. మన లెక్కలో పంచకల్యాణి లాంటివన్నమాట. మచ్చల మందలంటూ ఇప్పుడు పోస్టర్ల మీద వేసే బొమ్మకీ, ఆ రాతకీ చాలా దూరం.

1877లో అమెరికా సైన్యంతో జరిగిన యుద్ధంలో నెజ్ పర్స్ జనం గుర్రాల మీద కెనడా వైపు వెయ్యి మైళ్లకు పైగా సాగి, సరిహద్దు ఇంకా నలభై మైళ్లుందనగా మొంటానాలో లొంగిపోయారు. వాళ్ల మందలు చెల్లాచెదురయ్యాయి. 1990లలో ఇక్కడికి దగ్గర్లోని లాప్వైలో నెజ్ పర్స్ వాళ్లే మళ్లీ గుర్రాల పెంపకం మొదలుపెట్టారు, అప్పలూసాలను మధ్య ఆసియాకు చెందిన అఖల్ టెకేలతో కలిపి. ఆ సంకరంలో వాళ్లు ముందు కోరుకున్నది రంగు కాదు, దూరాలు పరుగెత్తే దమ్ము.