అడ్డగీతతో మొదలు: కొరియా కుంచెరాతలో 13 నెలల చిట్టా

మార్చి, రెండో వారం

సోల్‌లో ఎం.ఏ. తరగతులు మొదలయ్యాయి. నా విషయం తూర్పు ఆసియా సౌందర్యశాస్త్రం. చదవడం, వాదించడం, వ్యాసాలు రాయడం, అంతవరకే పాఠ్యక్రమం. కుంచె పట్టమని ఎవరూ అడగరు. కానీ గీత గురించి ఇన్ని పేజీలు చదువుతూ ఒక్క గీతా గీయకపోవడానికి నాకు మనసొప్పలేదు. అద్దెగదికి దగ్గర్లో ఒక సొసిల్ ఉంది. రాత నేర్పే చిన్న గది అది, ఒక పెద్దావిడ నడుపుతారు. వారానికి రెండు సాయంత్రాలు, నెలకు లక్ష వన్ (కొరియా డబ్బు). చేరిపోయాను.

మా అమ్మది శ్రీకాళహస్తిలో కలంకారీ పని. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి దారం బిగించి కలం తయారుచేసి ఇవ్వడం చిన్నప్పుడు నా వంతు. ఆ ధైర్యంతోనే కుంచె తొందరగా పట్టుబడుతుందనుకున్నాను.

కొనుగోళ్లు: ఇన్సాదోంగ్‌లో కుంచెల దుకాణాలు వరసగా ఉంటాయి, పిల్‌బాంగ్ అంటారు. మొదటి కుంచె 30,000 వన్. మేకవెంట్రుకలు, కాస్త బిరుసు వెంట్రుకలు కలిపి కట్టింది, చిటికెన వేలంత లావు. ఒట్టి మేకవెంట్రుక మరీ మెత్తన, కొత్తవాళ్ల చేతికి లొంగదు. వీజిల్ అనే చిన్న జంతువు తోకవెంట్రుకలతో చేసే సన్న కుంచెలూ చూపించారు గానీ అవి ఇప్పుడే వద్దన్నారు గురువుగారు. నల్లటి ఫెల్ట్ చాప ఒకటి, కాగితం కదలకుండా పెట్టే ఇనుప బరువు ఒకటి, హ్వాసొంజి కాగితం ఒక కట్ట. కాగితం 35 సెంటీమీటర్ల వెడల్పు, 135 పొడవు. అడ్డంగా ఒక మడత, నిలువుగా మూడు మడతలు వేస్తే 16 గళ్లు వస్తాయి. స్కేలు, పెన్సిలు అక్కర్లేదు.

మార్చి చివర

కొత్త కుంచె గంజి పెట్టి గట్టిగా ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి వేళ్లతో నిదానంగా విడదీయాలి. నేను తొందరపడి నలిపేశాను, నాలుగు వెంట్రుకలు ఊడొచ్చాయి.

మూడు వారాలుగా ఒకటే పని, అడ్డగీత. కొరియా లిపి హంగుల్‌లో అడ్డగీత ఒక అచ్చు, నిలువుగీత ఇంకో అచ్చు. ఆ రెండూ వస్తే సగం అక్షరాలు వచ్చినట్టే అంటారు. మేం నేర్చుకునేది పాన్‌బొన్‌చే, అంటే తొలినాటి చెక్కఅచ్చు పుస్తకాల్లోని రూపం. సేజోంగ్ రాజు 1443లో ఈ లిపి కూర్చి, 1446లో హున్‌మిన్‌జొంగుమ్ అనే పుస్తకంతో ప్రకటించాడు. ఆ పుస్తకంలో గీతలన్నీ మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు. చూడటానికి ఇంత సులువైనది ఇంకోటి ఉండదు. మెత్తటి కుంచెతో ఒకే లావు తేవడం మాత్రం చాలా కష్టం.

పద్ధతి ఇది. గీత కుడివైపు వెళ్లాలంటే కుంచె మొన ముందు ఎడమవైపు వెనక్కి పోవాలి. దాన్ని యొగిప్ అంటారు. అక్కడ మొనను తిప్పుకొని, ఆ మొన గీత నడిమధ్యలో నడిచేలా లాగాలి. అది చుంగ్‌బోంగ్. చివర మళ్లీ వెనక్కి తిరిగి లేవాలి. మొన ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో చూసేవాళ్లకు తెలియకూడదు. నా గీతలకు రెండు కొసలూ ఎముకల్లా ఉబ్బి, నడుం సన్నబడుతోంది.

ఏప్రిల్

సీసా సిరా మానేసి మొక్ అరగదీయడం మొదలుపెట్టాను. మొక్ అంటే మసిని జంతువుల జిగురుతో కలిపి అచ్చుపోసి ఆరబెట్టిన కడ్డీ. రాతి పలక పేరు బ్యొరు, మనం గంధం తీసే సాన లాంటిదే గానీ ఒకవైపు సిరా నిలిచే గుంట ఉంటుంది. నాది బొర్యొంగ్ దగ్గర దొరికే నంపో రాయి. చెంచాడు నీళ్లు పోసి అరగంట అరగదీస్తే ఒక కాగితానికి సరిపడా సిరా వస్తుంది. మొదటి రోజు బలంగా రుద్దితే రేణువులు రేణువులుగా వచ్చింది. ఇక్కడ ఒక మాట ఉంది: మొక్‌ను రోగిష్ఠిలా అరగదీయి, కుంచెను వస్తాదులా పట్టుకో అని. నిజంగా ఒంట్లో బాగాలేనంత నెమ్మదిగా తిప్పితేనే సిరా నున్నగా దిగింది.

గుర్తుపెట్టుకోవాల్సినవి: పని అయ్యాక కడ్డీని రాయి మీద వదలకూడదు, అతుక్కుపోతుంది. తడి తుడిచి నీడలో పెట్టాలి. మిగిలిన సిరా మర్నాటికి దాచకూడదు, జిగురు కుళ్లి వాసన వేస్తుంది. కుంచెకు సబ్బు వద్దు. ధారగా పడే నీళ్ల కింద, వెంట్రుకల మొదట్లో సిరా పోయేదాకా కడిగి, మొన కిందికి ఉండేలా వేలాడదీయాలి. ఒక రాత్రి బద్ధకించి పైపైన కడిగాను. వారం తిరిగేసరికి మొదట్లో సిరా గట్టిపడి వెంట్రుకలు రెండుగా చీలిపోయాయి. ఆ కుంచె ఇక బాగుపడలేదు.

మే

ఆదివారం వీడియో కాల్‌లో అమ్మకు కాగితం చూపించాను. కెమెరా దగ్గరగా పెట్టమంది. ఒక గీత మీద వేలు ఆనించి, "ఈడ చెయ్యి నిలిపినావు" అంది. నేను చూస్తే అక్కడ చిన్న మచ్చ, సిరా అర క్షణం ఎక్కువ ఊరిన చోటు. "ఇంకోటి, నువ్వు మణికట్టుతో లాగుతా ఉండావు. గుడ్డను నొక్కేది వేలు, గీతను లాగేది భుజం. చెప్పలేదా నీకు?"

చెప్పింది, నాకు పదేళ్లప్పుడే. సొసిల్‌లో గురువుగారు రెండు నెలలుగా నా మోచేతిని బల్ల మీంచి పైకి లేపుతున్నది కూడా ఇందుకే. ఆ వారం నుంచి నిలబడి రాస్తున్నాను. నడుం నొప్పి పుట్టింది, కానీ గీత నడుం నిండింది.

అమ్మతో ఇంకో సంగతి మాట్లాడాను. కలంకారీలో గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ వల్ల బెల్లం, ఇనుప తుక్కు ఊరబెట్టిన కసిమి నల్లగా మారుతుంది. పాలల్లోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. హ్వాసొంజికి అలాంటి కట్టడి లేదు, సిరా పడగానే పాకుతుంది. ఆ పాకడాన్ని పొంజిమ్ అంటారు, అది దోషం కాదు. ఎంత పాకనివ్వాలో కుంచె వేగంతోనే తేల్చుకోవాలి. సిరా తక్కువై, వేగం ఎక్కువై, గీత మధ్యలో తెల్లని చారలు పడితే దాన్ని పిబెక్ అంటారు, ఎగిరే తెలుపు అని అర్థం. మా ఇంట్లో గుడ్డ ముందే చేసిపెట్టే పనిని ఇక్కడ చెయ్యి అప్పటికప్పుడు చేయాలి. నాకు కష్టమైంది ఇదే. అమ్మ విని, "పాలు లేకుండానా?" అని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

జూన్

సెమినార్ పత్రం రాయాలి కాబట్టి సాధన తక్కువ. పత్రం విషయం పేర్ల గురించి. ఒకే పనిని చైనాలో శూఫా అంటారు, రాత పద్ధతి. జపాన్‌లో షొదో, రాత మార్గం. కొరియాలో సొయే, రాత కళ. ఈ మూడో పేరును 1945 తర్వాత వాడుకలోకి తెచ్చింది రాతగాడు సోన్ జేహ్యొంగ్. ఆ 'కళ' అన్న మాట ఊరికే రాలేదు. 1882లో జపాన్‌లో చిత్రకారుడు కొయామా షోతారో రాత లలితకళ కాదని వ్యాసం రాశాడు, కళా విమర్శకుడు ఒకకురా దానికి జవాబిచ్చాడు. కొరియాలో జపాన్ వలసపాలన ఉండగా 1922లో మొదలైన జోసన్ (కొరియా పాత పేరు) కళాప్రదర్శనలో రాతకు ఒక విభాగం ఉండేది, 1932 నుంచి తీసేశారు. దేశం స్వతంత్రమయ్యాక పేరులోనే కళ అని పెట్టుకోవడం ఒక జవాబు అని నా వాదన. మా ఊళ్లో గీత గీసేవాళ్లను కళాకారులని సభల్లో అంటారు, కూలి కట్టేటప్పుడు పనివాళ్లని లెక్కేస్తారు. అందుకే ఈ పత్రం మీద నాకు మమకారం ఎక్కువైంది, పది పేజీలు అడిగితే పద్దెనిమిది రాశాను.

జులై, ఆగస్టు

వానలు. గదిలో చెమ్మకు కాగితం మెత్తబడి సిరా రెట్టింపు పాకింది. కాగితం కట్టను ప్లాస్టిక్ పెట్టెలో బియ్యం మూటతో పాటు పెట్టాను, కాస్త నయం. సెలవులకు ఇంటికి వెళ్లి మూడు వారాలు కుంచె ముట్టలేదు.

అక్టోబర్

9న హంగుల్ దినం. తరగతిలో హున్‌మిన్‌జొంగుమ్ వివరణ ప్రతి గురించి మాట్లాడుకున్నాం. లిపి ఎలా కూర్చారో చెప్పే ఆ పుస్తకం 1940లో ఆందోంగ్‌లో బయటపడింది. పాత కళావస్తువులు సేకరించే జొన్ హ్యొంగ్‌పిల్ దాన్ని కొని, వలసపాలన ముగిసేదాకా రహస్యంగా దాచాడు. ఇప్పుడు కాన్సోంగ్ మ్యూజియంలో ఉంది. అది దొరకకముందు ఈ అక్షరాల ఆకారాల గురించి రకరకాల ఊహలుండేవి. హల్లులు నోటి ఆకారాలని ఆ పుస్తకమే చెప్పింది.

ఈ నెల పాఠం ఇయుంగ్. ఒట్టి సున్నా. అక్షరం మొదట ఉంటే పలకదు, కింద ఉంటే 'ంగ్' అని ముక్కుతో పలుకుతుంది. మన సున్నాకు దగ్గరి చుట్టంలా అనిపించి సంతోషపడ్డాను. తీరా రాస్తే నెలంతా తిన్నది ఇదే. పాన్‌బొన్‌చేలో దీన్ని రెండు గీతలుగా రాయాలి. పైనుంచి ఎడమ సగం కిందికి, మళ్లీ పైనుంచి కుడి సగం కిందికి. రెండూ కలిసే చోట అతుకు కనబడకూడదు. నా చెయ్యేమో తెలుగు చెయ్యి. సున్నా అనగానే ఒక్క ఊపులో తిప్పేస్తుంది. అలా తిప్పితే మొన పక్కకు వాలి, ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. మన అక్షరాలు తాటాకు మీద గంటంతో గీసినవి. గంటానికి లావు సన్నాలు లేవు, ఆకు చీలకుండా వంపు తిరిగితే చాలు. ఆ వంపు నా వేళ్లలో ఉంది. దాన్ని పోగొట్టుకోవాలని లేదు, కానీ ఈ బల్ల దగ్గర పక్కన పెట్టడం నేర్చుకోవాలి.

లెక్క: రోజుకు 32 ఇయుంగ్‌లు, రెండు కాగితాలు. గురువుగారు ఎర్రసిరాతో బాగున్నవాటికి చుట్టూ గీత పెడతారు. మొదటి వారం సున్న, రెండో వారం 3, నాలుగో వారం 11.

డిసెంబర్

గుంగ్‌చే మొదలైంది. ఇది అంతఃపురం రాత. జోసన్ రాజుల కొలువులో పనిచేసే ఆడవాళ్లు ఉత్తరాలు, కథలు నకలు రాసీ రాసీ తీర్చిదిద్దిన రూపం. పాన్‌బొన్‌చే గళ్లలో కూర్చుంటే గుంగ్‌చే వేలాడుతుంది. అక్షరాలన్నిటికీ కుడివైపు నిలువుగీతలు పైనుంచి కిందికి ఒకే వరసలో రావాలి, ఎడమ అంచు ఎలా ఉన్నా ఫరవాలేదు. కాగితం గోడకు అంటించి పది అడుగులు వెనక్కి వెళ్లి చూడటం గురువుగారు నేర్పిన కిటుకు. దగ్గర్నుంచి కనబడని వంకర అక్కణ్నుంచి తెలిసిపోతుంది.

సొసిల్‌లో అందరికీ తెలిసిన కథ ఒకటి అమ్మకు చెప్పాను. హాన్ సొక్‌బోంగ్ 16వ శతాబ్దపు గొప్ప రాతగాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు చదువు అయిపోయిందని ఇంటికి వచ్చేస్తే, అమ్మ దీపం ఆర్పి, నువ్వు రాయి, నేను బియ్యప్పిండి రొట్టె కోస్తాను అందట. దీపం వెలిగిస్తే ఆమె ముక్కలన్నీ సమానం, కొడుకు అక్షరాలు వంకర. వెంటనే తిరిగి పంపేసిందట. మా అమ్మకు నచ్చలేదు. "అంత దూరం నడిచొచ్చిన పిల్లోనికి అన్నమన్నా పెట్టిందా?" అని అడిగింది.

జనవరి

గంగ్నంలోని బోంగున్‌సా గుడికి వెళ్లాను, 9వ నంబరు మెట్రోలో అదే పేరుతో స్టేషన్ ఉంది. చుట్టూ అద్దాల మేడలు. లోపల పాంజొన్ అనే మందిరం, అవతంసక సూత్రం చెక్కిన పలకలు దాచిన చోటు. ఆ సూత్రం చివరి భాగంలో సుధనుడు బయల్దేరే ధాన్యాకరం మన ధాన్యకటకమేనని చాలామంది పండితుల మాట. మంచులో నిలబడి అది తలచుకుంటే ఒళ్లు పులకరించింది.

నేను వెళ్లింది మాత్రం పేరుపలక కోసం. 1856లో పేరున్న రాతగాడు చుసా కిమ్ జొంగ్‌హీ రాసిన రెండే అక్షరాలు. పక్కన సన్నగా '71వ ఏట, జబ్బుతో' అని ఉంది. ఆ ఏడే పోయాడు, పోవడానికి మూడు రోజుల ముందు రాశాడని చెబుతారు. 70 ఏళ్లలో పది బ్యొరులు అడుగంటా అరగదీశాననీ, వెయ్యి కుంచెలు మొండి చేశాననీ ఒక ఉత్తరంలో రాసుకున్న మనిషి ఆయన. 1840 నుంచి 1848 దాకా జేజు దీవిలో ప్రవాసం. అక్కడ 1844లో గీసిన సెహాందో అనే బొమ్మలో కుంచె దాదాపు ఎండిపోయి ఉంటుంది, ఒక ఇల్లు, నాలుగు చెట్లు, మిగిలినదంతా ఖాళీ. దాని మీద తరగతిలో రెండు వారాలు చర్చించాం. పాంజొన్ దగ్గర ఆ చర్చ ఏదీ గుర్తురాలేదు. అక్షరాలు పిల్లలు బడిలో దిద్దినట్టున్నాయి. గీతల్లో ఎక్కడా ఒడుపు చూపించుకోవడం లేదు. కిందినుంచి చూస్తూ వేలితో గాల్లో ఆ అడ్డగీతలు దిద్దాను. మార్చి నుంచి నేను చేస్తున్న ఆ వెనక్కి వెళ్లి రావడమే, అంతే. గంటన్నర నిలబడ్డాను, కాళ్లు మొద్దుబారాయి. వెళ్లేవాళ్లు శీతాకాలంలో మందపాటి సాక్సులు వేసుకోండి.

ఫిబ్రవరి 4

ఇప్చున్, వసంతం అడుగుపెట్టే రోజు. 'ఇప్చున్‌దేగిల్' అని ఒక చీటీ, 'కొన్యాంగ్‌దాగ్యొంగ్' అని ఇంకోటి తలుపు రెక్కలకు అంటిస్తారు, ఇంటికి శుభం కలగాలని. నాలుగేసి అక్షరాలు. 20 కాగితాలు పాడయ్యాక ఒక జత కుదిరింది. పక్కగది ఆవిడ అడిగితే ఇంకో జత రాసిచ్చాను. నా రాత వేరేవాళ్ల తలుపు మీదికి ఎక్కడం ఇదే మొదటిసారి.

ఏప్రిల్

గత నెల అమ్మకు పార్సిల్ పంపాను: ఒక కుంచె, అర కట్ట హ్వాసొంజి, సగం అరిగిన మొక్ కడ్డీ. గంధం సాన మీద అరగదీసిందట. నిన్న ఫొటో పంపింది. ఒక నెమలి మెడ, ఒకే గీత, తల నుంచి వీపు దాకా. రెండు అంచుల్లోనూ సిరా సమానంగా పాకింది, ఎక్కడా మచ్చ లేదు. కింద "పాలు లేకుండానే" అని రాసింది.

సాయంత్రం గురువుగారికి చూపించాను. కళ్లజోడు పెట్టుకొని ఫోను చేతిలోకి తీసుకున్నారు. వేలితో గీత వెంట మెల్లగా నడిచారు. "చుంగ్‌బోంగ్" అన్నారు. ఎవరిదని అడిగారు, చెప్పాను. ఎన్నేళ్లుగా చేస్తున్నారని అడిగారు. నలభై అన్నాను. ఆవిడ లేచి, బీరువాలోంచి వాడని కుంచె ఒకటి తీసి, అమ్మకు పంపమని ఇచ్చారు.

వచ్చే వారం నుంచి హియుత్. ఇయుంగ్ మీద రెండు గీతలు. కాగితం ఇంకో కట్ట కొనాలి.