నిద్రపోయే డిస్కు

ఇవాళ కూడా అదే గొడవ. నాన్న పాడిన పద్యాలు పెట్టమంది అమ్మ. అవి ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీతో తగిలించే డబ్బా హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఫైలు నొక్కితే తెర బిగుసుకుపోయింది. డిస్కు కీచుమని లేచి తిరగడం అందుకునేసరికి అమ్మ గాభరా పడిపోయింది. "ఏటిరా, ఇది కూడా పోయిందేటి?"

ఆ 'ఇది కూడా' దగ్గరే నా ప్రాణం చివుక్కుమంది.

కాసేపు పని లేకపోతే ఆ డబ్బాలోని టైమరే డిస్కుని తిప్పే మోటారు ఆపేస్తుంది. ల్యాప్‌టాప్‌ని నడిపే లినక్స్‌కి మాట మాత్రమైనా చెప్పదు. పాపం అది మామూలుగా ఫైలు అడుగుతుంది, జవాబు రాదు, ఒక్కోసారి విసిగి యూఎస్‌బీని రీసెట్ చేసేస్తుంది. దీన్ని పద్ధతిగా చేసే రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్, అంటే పని లేని పరికరాన్ని పడుకోబెట్టే ఏర్పాటు, లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్లో 2009 నుంచీ ఉంది. అక్కడ డిస్కుతో మాట్లాడే ప్రోగ్రాము, అంటే డ్రైవరే దాన్ని పడుకోబెడుతుంది, ఫైలు అడిగితే ముందు లేపి, లేచాకే పని అందిస్తుంది. కానీ ఎంతసేపు పని లేకపోతే పడుకోబెట్టాలన్న గడువు మామూలుగా మైనస్ 1లో ఉంటుంది. అంటే మనం అడగందే డ్రైవరు డిస్కుని పడుకోబెట్టదు.

అలాగే ఉండనీ, డబ్బా టైమరు కూడా తీసేసి రాత్రింబగళ్లు తిరగనిద్దాం అనుకున్నాను. ఆ కమాండు కొట్టబోతుంటే తిత్లీ తుఫాను గుర్తొచ్చింది.

2018 అక్టోబరు. పర్లాకిమిడిలో ఆ గాలి విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం. పాత డిస్కు కాపీ మధ్యలో ఉంది. తర్వాత ఎప్పుడు పెట్టినా టిక్ టిక్ తప్ప ఇంకేం లేదు. నాన్న హార్మోనియం పెట్టుకుని పాడినవి సగం అందులోనే పోయాయి. మిగిలినవాటిలో ఒకచోట పద్యం ఆపి "ఏమే, మంచినీళ్లు" అంటారు. అమ్మకి రాగం కాదు, ఆ ముక్క కావాలి.

డ్రైవరు డిస్కుని పడుకోబెట్టే ముందు క్యాషేలో, అంటే డిస్కు తాత్కాలిక జ్ఞాపకంలో ఉన్నదంతా తిరిగే పళ్లెం మీద రాయిస్తుంది. ఆ తర్వాతే మోటారు ఆపమంటుంది. పళ్లెం మీద చదివీ రాసే హెడ్ కూడా పక్కకి వెళ్లిపోతుంది. అలా పడుకున్న డిస్కుకి కరెంటు పోయినా దెబ్బ తగిలే భయం తక్కువ. ఇన్వర్టర్ ఉన్నా నమ్మకం లేని మా ఊళ్లో నిద్రే మంచిది. అలాగని అస్తమానం పడుకుని లేస్తున్నా మోటారు అరుగుతుంది. అందుకే డబ్బా టైమరు తీసేసి, డ్రైవరు గడువు 12,00,000 మిల్లీసెకన్లు, అంటే 20 నిమిషాలు పెట్టాను.

అయినా నా కోపం తగ్గలేదు. చెప్పకుండా మోటారు ఆపే డబ్బాని అసలెందుకు తయారుచేస్తారు? కొనేటప్పుడు అట్ట మీద ఆ సంగతి ఒక్క ముక్క రాయరు.

తర్వాత అమ్మ వింది. నవ్వింది కూడా.

నాన్న ఫోల్డరు ల్యాప్‌టాప్‌లోని, మోటారే లేని ఎస్‌ఎస్‌డీ డిస్కుకి కాపీ అవుతోంది. రేపు తమ్ముడి దగ్గరికి ఇంకో కాపీ పంపాలి.