మోటారు లేని కొండ

నాన్న అమెరికాలో మేముండే పోర్ట్‌లాండ్ వచ్చిన మూడో రోజు మౌంట్ టేబర్‌కి తీసుకెళ్ళాను. ఊళ్ళోనే, ఇళ్ళ మధ్యే ఉన్న చల్లారిపోయిన అగ్నిపర్వతం అది. ఆ మాట చెప్తే ఆశ్చర్యపోతారనుకున్నా. "ఆహా" అని ఊరుకున్నారు. కాస్త ఎక్కాక రిజర్వాయరు కనపడింది. అంతే, ఇనప కంచె పట్టుకుని అటూ ఇటూ వెతకడం మొదలుపెట్టారు.

"మోటారెక్కడే?"

నాన్న ముప్ఫయ్యేళ్ళు మునిసిపాలిటీలో పంప్ ఆపరేటర్. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు వెయ్యాలి, ట్యాంకు నింపాలి, వాల్వులు తిప్పి పేటపేటకీ నీళ్ళు వదలాలి. అర్ధరాత్రి కరెంటొస్తే సైకిలేసుకుని పరిగెత్తేవారు. ఆయన లెక్కలో ఎత్తుమీద నీళ్ళున్నాయంటే ఎక్కడో ఒక మోటారు మొత్తుకుంటూ ఉండాల్సిందే.

"లేదు నాన్నా, నీళ్ళు వాటంతటవే వస్తాయి" అన్నాను. నా మొహం చూశారు, వేళాకోళమేమో అని.

తూర్పున పాతిక మైళ్ళ అవతల బుల్ రన్ అని ఒక అడవి ఉంది. ఊరికి తాగే నీళ్ళు అక్కణ్ణుంచే. మౌంట్ హుడ్ మంచు కరిగి వస్తాయని ఇక్కడివాళ్ళే చాలామంది అనుకుంటారు గానీ ఎక్కువ భాగం వాన నీళ్ళే. ఆ అడవి ఈ కొండకన్నా ఎత్తులో ఉంది కాబట్టి నీళ్ళు పైపుల్లో దిగొచ్చి ఈ గట్టెక్కి కూర్చునేవి, ఇక్కణ్ణుంచి కింది వీధుల్లోకి జారేవి. మొదటి రిజర్వాయరు 1894లో కట్టారు, ఇంకో రెండు 1911లో. అడవి నీళ్ళు ఊరికి చేరింది 1895 జనవరిలో.

"అంటే కరెంటు పోయినా నీళ్ళొస్తాయా!" అని చాలాసేపు నీళ్ళకేసే చూస్తూ నిలబడ్డారు. బాగా ఎత్తుమీదున్న పేటలకి ఇక్కడా పంపులు వాడతారు. ఆ ముక్క అప్పుడే చెప్పబుద్ధి కాలేదు.

చిన్న కోట బురుజులా ఉండే గేట్‌హౌస్ చుట్టూ తిరిగొచ్చాక అసలు ప్రశ్న వచ్చింది. "దీనికి మూతేదీ?"

ఆ మూత మీద ఈ ఊరు ఏళ్ళ తరబడి కొట్టుకుంది. తాగే నీళ్ళని ఆరుబయట ఉంచితే మూతైనా వెయ్యాలి, శుద్ధైనా చెయ్యాలి అని 2006లో కేంద్రం రూలు తెచ్చింది. చుట్టుపక్కల జనం వద్దంటే వద్దని పోరాడారు. చివరికి 2015 ఆఖర్లో వీటిని తాగునీటి లైన్లనుంచి విడదీశారు. ఇప్పుడు నీళ్ళు పావెల్ బ్యూట్ లాంటి చోట్ల భూమిలో కప్పెట్టిన ట్యాంకుల్లో ఉంటాయి. ఇక్కడున్నవి చూడ్డానికే. రోజూ పొద్దున్నే వీటి చుట్టూ నడుస్తాను, అందుకని నా ఓటు జనానికే.

నాన్న ఓటు మాత్రం రూలుకి. ఓసారి ఆయన ఓవర్‌హెడ్ ట్యాంకు మూత గాలికి ఎగిరిపోయిందట. కొత్త మూత కోసం కాగితం పెట్టుకుని వారం తిరిగారు. ఈలోగా నీళ్ళలో పావురం తేలింది. ట్యాంకు ఖాళీ చేసి, నిచ్చెన దిగి, బ్లీచింగ్ పౌడరేసి అడుగంతా చీపురుతో తోమింది ఆయనే. మూడ్రోజులు చేతుల వాసన పోలేదట. "తాగే నీళ్ళకి మూతుండాలమ్మా. అందం గిందం తర్వాత."

సరే అని 2014 సంగతి చెప్పాను. ఒక కుర్రాడు కంచెలోంచి రిజర్వాయర్లోకి మూత్రం పోశాడు. కెమెరాకి దొరికిపోయాడు. 38 మిలియన్ గ్యాలన్లు పారబోస్తామని నగరం ప్రకటించింది.

నాన్న పెదాలు కదిలాయి. లీటర్లలోకి మారుస్తున్నారు. "పద్నాలుగు కోట్లే! ఒక్కడి ఉచ్చకి పద్నాలుగు కోట్ల లీటర్లా!" అని, నీళ్ళ మీద తేలుతున్న బాతుల్ని చూపించి, "ఇవన్నీ ఒడ్డుకెక్కి వెళ్ళొస్తున్నాయా ఏంటి?" అన్నారు. పక్కనుంచి పరిగెత్తుకెళ్తున్నావిడ ఆయన గొంతుకి ఉలిక్కిపడి చూసింది.

ఆయన వెళ్ళి ఏడాదవుతోంది. ఆదివారం ఫోన్లో నా ఆరోగ్యం, అల్లుడి ఆరోగ్యం అయ్యాక ఓ నిమిషం ఆగుతారు.

"ఏమే, ఆ కొండమీద తొట్టి కడిగారా?"

"దాన్నెవరూ తాగట్లేదు కదా నాన్నా."

"అయితే మాత్రం, అడుగున నాచు పట్టదూ?"