నాకూ ఒక సైగ పేరు

ఈ రోజు సైగల భాష తరగతిలో మాస్టారు నాకు సైగ పేరు, అంటే చేతి సైగతో పిలిచే పేరు పెట్టారు. ఆయన బధిరులు. కాసేపు నా ముఖంలోకి చూసి, చూపుడువేలితో తన ఎడమ బుగ్గను మెల్లగా నొక్కి చూపించారు. నవ్వితే నాకు సొట్ట పడేది అక్కడే. ఆ పేరు మనం పెట్టుకునేది కాదు, బధిరులు ఇవ్వాలి. ఇంటికి వచ్చేదాకా బుగ్గ తడుముకుంటూనే ఉన్నాను.

విజయవాడలో ఈ కోర్సులో చేరినప్పుడు ఇదంతా చేతుల పని అనుకున్నాను. సగం ముఖానిదే! కనుబొమలు కదలకపోతే ప్రశ్న ప్రశ్నలా ఉండదు. ప్రశ్న పదం వాక్యం చివర వస్తుంది: ‘నువ్వు ఉండేది ఎక్కడ?’ మన తెలుగులోనూ ఇలా అడగొచ్చు కదా. ఢిల్లీలోని కేంద్ర సంస్థ 2021లో తెచ్చిన భారతీయ సైగల భాష నిఘంటువులో 10,000 పదాలున్నాయి. నాకు వచ్చినవి ఎన్నో చెప్పడానికి ఇంకా సమయం ఉంది.

మా పక్కింటి అక్క బధిరుల పాఠశాలలో చదువుకుంది. ఇన్నేళ్లూ ఆమెతో మేమంతా గట్టిగా అరుస్తూ మాట్లాడాం. తలచుకుంటే బాధగా ఉంది. నిన్న సాయంత్రం మేడ మీద ఎదురుగా వెళ్లి నిలబడి, ‘అన్నం తిన్నావా అక్కా?’ అని చేతులతో అడిగాను. తడి బట్టలు బకెట్టులోనే వదిలేసి, చీకటి పడేదాకా చెబుతూనే ఉంది. అర్థం కానిచోటల్లా మళ్లీ అడిగాను. మళ్లీ చెప్పింది.