అరవని చక్రం

ఒడిశాలోని సెమిలిగూడలో మాకు పశువుల మందుల దుకాణం ఉంది. సరుకు విజయనగరం నుంచి తెచ్చుకుంటాను. అంటే నెలకు మూడు నాలుగు సార్లు పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఈ జాతీయ రహదారి నంబరు 26 అయి ఏళ్లు గడిచినా మా వైపు ఇంకా 43 అనేవాళ్లున్నారు.

ఈ ఘాట్ మీద పదకొండేళ్లు బొలెరో నడిపాను. దాన్ని అమ్మేసి ఇంకో డీజిల్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇదీ ఇంజిన్ బలం వెనక చక్రాలకు వెళ్లే బండే. తేడా అంతా వెనక ఇరుసు మధ్యనుండే హౌసింగ్‌లో ఉంది. దాని మీద చిన్న రేకు, ‘ఎల్‌ఎస్‌డీ ఆయిల్ మాత్రమే’ అని. కొన్నప్పుడు ఆ రేకుని నేను చదవలేదు, గర్వంగా ఫొటో మాత్రం తీశాను.

ఎల్‌ఎస్‌డీ అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలిదాని కంటే ఎక్కువ దూరం నడవాలి. హెయిర్‌పిన్‌లో బండి పూర్తిగా వెనక్కి తిరిగేసరికి, చక్రాల మధ్య ఎడం మీటరున్నర అనుకుంటే, ఆ తేడా దాదాపు 4.7 మీటర్లు. దాన్ని సర్దేదే డిఫరెన్షియల్. మామూలు రకానికి ఒక జబ్బుంది. ఒక చక్రం బురదలో పడి ఊరికే తిరుగుతుంటే, గట్టి నేల మీదున్న రెండో చక్రానికి కూడా అంతే బలం అందుతుంది. అంటే ఏమీ అందదు. నా బండిలో అయితే లోపల క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ, తిరిగిపోయే చక్రాన్ని కాస్త పట్టుకుని, బలంలో కొంత రెండోదానికి మళ్లిస్తాయి. కొంతే సుమా. రెండింటినీ ఒక్కటిగా బిగించే లాక్ వేరే సంగతి.

మొదటి వానాకాలం నేను దానికి దాసోహం అయిపోయాను. కుందిలి సంత దగ్గర ఎర్రమట్టి దిగబడి రెండు జీపులు ఆగిపోయి ఉంటే, వాటి పక్కనుంచి ఎక్కి వచ్చేశాను. ఇక నాకు ఎదురు లేదనుకున్నాను.

ఆగస్టులో ఒక సాయంత్రం సరుకు దొరక్క ఖాళీ బండితో తిరిగొస్తున్నాను. సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే తుంపర మొదలైంది. జోరువాన కంటే ఈ తుంపరే ప్రమాదం. రోడ్డు మీది దుమ్మూ, లారీలు కార్చిన ఆయిలూ కలిసి పైకి తేలతాయి, కడిగేసేంత నీరు మాత్రం ఉండదు. ఎడమ హెయిర్‌పిన్, రెండో గేర్. మలుపు సగంలో ఉండగానే యాక్సిలరేటర్ తొక్కాను. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర టర్బో అందుకుని ఇంజిన్ బలం ఒక్కసారిగా పెరిగింది. చప్పుడేమీ లేదు. సీటు కింద నేల పక్కకు జరిగినట్టనిపించింది, అంతే. వెనక భాగం కుడికి, ఎదురొచ్చే బళ్ల వైపు జారిపోయింది. కంగారులో కాలు ఒక్కసారిగా తీసేశాను, బ్రేకూ తొక్కాను, స్టీరింగ్ అవసరమైన దానికి రెట్టింపు తిప్పాను. మూడూ తప్పులే. బండి ఇటు విసిరి అటు విసిరి చివరికి కొండవైపు కాలువలో వెనక చక్రం దించుకుని ఆగింది. పైనుంచి దిగుతున్న లారీ ముప్పై అడుగుల దూరంలో నిలబడింది. క్లీనర్ కుర్రాడు దిగి వచ్చి ‘ఆస్తే, ఆస్తే’ అన్నాడు, నెమ్మదిగా అని. అన్నీ అయిపోయాక ఇంకేం ఆస్తే!

ఆ చక్రం గాల్లో వేలాడుతోంది. అంత ఘనమైన ఎల్‌ఎస్‌డీ కూడా ఆ స్థితిలో చాలలేదు. లారీ డ్రైవరే చెప్పాడు, హ్యాండ్ బ్రేక్ సగం లాగి మెల్లగా క్లచ్ వదలమని. గాల్లో తిరిగే చక్రానికి ఆ బ్రేక్ కాస్త బరువైతే రెండోదానికి బలం వెళ్తుందట. మూడో ప్రయత్నానికి బయటికొచ్చింది.

సాలూరు అంటే లారీల ఊరు. అక్కడ నాకు తెలిసిన ముసలి మెకానిక్ ఒకాయన ఉన్నాడు. తర్వాతి వారం చూపిస్తే కిందకి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు: “రెండు చక్రాలూ తోస్తన్నాయని ధైర్యం వచ్చీసిందేటి బాబూ? ఆ రెండూ జారితే బండిని పట్టుకునేదెవరు?”

బొలెరోలో ఇలాంటి చోట అతిగా తొక్కితే లోపలి చక్రం గిర్రున తిరిగి అరిచేది. బలమంతా అక్కడే ఖర్చయిపోయేది, బయటి చక్రం మాత్రం నేలను పట్టుకునే ఉండేది. ఆ అరుపుని పదకొండేళ్లు తిట్టుకున్నాను. నన్ను ఆపుతున్నది అదేనని తెలియలేదు. ఇందులో రెండు చక్రాలూ కలిసి పట్టుకుంటాయి, వదిలేటప్పుడూ కలిసే వదిలేస్తాయి.

ఇప్పుడు బ్రేకూ గేరూ మలుపుకి ముందే, తిన్నగా ఉన్నప్పుడే ముగించేస్తాను. మలుపులో కాలు కదపను. స్టీరింగ్ ఎంత విప్పుకుంటే యాక్సిలరేటర్ అంత. తడి ఉంటే, ఇంజిన్ గింజుకోనంత వరకు రెండుకి బదులు మూడో గేర్. దిగేటప్పుడు గేరు తగ్గించి క్లచ్ టక్కున వదిలితే ఇంజిన్ పట్టు వెనక చక్రాల మీదే పడి అవి జారతాయి, దానికి, బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఏమీ చేయదు. అందుకే క్లచ్ నిదానంగా వదులుతాను. జారితే వెనక భాగం ఎటు పోతే అటు స్టీరింగ్, కాలు మెత్తగా తీయడం. ఇది రాయడం తేలిక. కాలు వినడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ మెకానిక్ ఇంకో సంగతి పట్టుకున్నాడు. మా దుకాణం సందులో మెల్లగా తిప్పుతుంటే వెనక నుంచి గరగరమనేది. ఇంతకు ముందు ఎవరో మామూలు గేర్ ఆయిల్ పోసేశారు. క్లచ్ ప్లేట్లున్న రకానికి వాటికి పనికొచ్చే మందు కలిసిన ఆయిల్ పోయాలి. మార్చాక చప్పుడు పోయింది. అలాగే వెనక ఒక్క టైరే కొత్తది వేయకూడదన్నాడు. ఒకటి పెద్దది, ఒకటి అరిగి చిన్నది అయితే తిన్నటి రోడ్డు మీద కూడా ప్లేట్లు రాసుకుంటూనే ఉంటాయి. జత కొనడానికి నా జేబు రెండు నెలలు ఏడ్చింది.

జాకీ సంగతి మా అబ్బాయికి గట్టిగానే చెప్పాను. వెనక ఒక చక్రమే లేపి, ఇంజిన్ ఆన్ చేసి గేరు వేయకురా అని. నేల మీదున్న చక్రానికీ బలం వెళ్తుంది కాబట్టి బండి జాకీ మీంచి దూకుతుంది.

మొన్న వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వస్తుంటే అదే ఎడమ మలుపు దగ్గర మళ్లీ తుంపర. కిటికీలోంచి వెనక్కి చూస్తూ, “నాన్నా, బొలెరో ఇక్కడ అరిచేది కదా” అన్నాడు.

అరిచేది. మూడో గేర్‌లోనే పైకి వచ్చాం.