పొటాషియం ప్రశ్నల సాయంత్రం

ఇవాళ సాయంత్రమంతా ఎన్‌క్లెక్స్ (అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే పరీక్ష) పొటాషియం ప్రశ్నలతోనే సరిపోయింది. సీరం పొటాషియం, అంటే రక్తంలో ఉండే పొటాషియం, లీటరుకు 3.5 నుంచి 5.0 ఎంఈక్యూ (మిల్లీ ఈక్వివలెంట్లు) దాకా మామూలని అందరికీ కంఠతా వచ్చు. చిక్కు అక్కడ లేదు. 'నర్సు మొదట ఏం చేయాలి?' అన్న చోటే మార్కులు పోతాయి. వార్డులో అయితే ప్రాణమే పోతుంది.

ఒక ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగాను. పేషెంటు లాసిక్స్ (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు) వాడుతున్నాడు, పొటాషియం 2.8, డాక్టర్ కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) డ్రిప్ రాశారు. ఆప్షన్లలో 'డ్రిప్ మొదలుపెట్టాలి' అన్నది కనబడగానే చెయ్యి అటే పోతుంది. కానీ ముందు చూడాల్సింది మూత్రం. గంటకు కనీసం 30 మి.లీ. రాకపోతే, ఎక్కించిన పొటాషియం బయటికి పోయే దారే ఉండదు. అతను డిగాక్సిన్ అనే గుండె మందు కూడా వాడుతుంటే ఇంకా జాగ్రత్త. పొటాషియం తగ్గినకొద్దీ ఆ మందు విషమవుతుంది. వికారం, చూపులో పసుపు రంగు, నాడి నెమ్మదించడం దానికి గుర్తులు. గుండె మీద స్టెత్ పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవాళ్లలో 60 కంటే తక్కువుంటే డిగాక్సిన్ డోసు ఆపి డాక్టర్‌కు చెప్పాలి.

ఇక కలపడం. మన దగ్గర దొరికే 15 శాతం కేసీఎల్ 10 మి.లీ. ఆంప్యూల్‌లో సుమారు 20 ఎంఈక్యూ ఉంటుంది. దాన్ని నేరుగా నరంలోకి ఇవ్వకూడదు, ఎవరు చెప్పినా సరే. గుండె ఆగిపోతుంది. 500 మి.లీ. నార్మల్ సెలైన్‌లో ఒక ఆంప్యూల్ వేస్తే లీటరుకు 40 ఎంఈక్యూ లెక్క. చేతి నరానికి సాధారణంగా అదే హద్దు. నాలుగు గంటల్లో ఎక్కించాలంటే గంటకు 125 మి.లీ., మి.లీ.కి 20 చుక్కలు పడే సెట్‌లో నిమిషానికి 42 చుక్కలు. అంటే గంటకు 5 ఎంఈక్యూ. మామూలు వార్డులో గంటకు 10 దాటకూడదు, దాటాల్సి వస్తే మానిటర్ ఉండాల్సిందే. డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే ఇన్సులిన్ పెరిగి, ఉన్న పొటాషియం కూడా కణాల్లోకి పోతుంది.

వేలాడుతున్న బాటిల్‌లోకే సిరంజితో మందు వేసే అలవాటు చూస్తే భయమేస్తుంది. కేసీఎల్ బరువైనది, పోర్టు దగ్గర అడుగునే నిలిచిపోతుంది. చుక్కల లెక్క సరిగ్గానే కనబడుతుంది, పేషెంటుకు మాత్రం మొదట్లోనే చిక్కటి మందు వెళ్ళిపోతుంది. బాటిల్ దించి, మందు వేసి, పదిసార్లయినా తలకిందులు చేసి, లేబుల్ రాశాకే తగిలించాలి. నరం మండుతోందంటే స్పీడు తగ్గించాలి. కాన్యులా (నరంలో ఉంచే సన్న గొట్టం) చుట్టూ వాచిందంటే వెంటనే ఆపేయాలి, బయటికి కారిన పొటాషియం అక్కడి కండను చంపేస్తుంది.

ఎంత ఎక్కించినా పెరగకపోతే మెగ్నీషియం చూడాలి. అది తక్కువుంటే పొటాషియం మూత్రంలో పోతూనే ఉంటుంది.

పొటాషియం పెరిగిన కేసుల్లో తడబాటు కాల్షియం గ్లూకోనేట్ దగ్గరే. పొటాషియం 6.8, ఈసీజీలో టీ వేవ్‌లు కొసదేరి లేచాయంటే మొదట ఇచ్చేది అదే. అది పొటాషియాన్ని చుక్క కూడా తగ్గించదు, గుండెను కాపాడుతుంది. తర్వాత రెగ్యులర్ ఇన్సులిన్ 10 యూనిట్లు, 25 గ్రాముల డెక్స్‌ట్రోజ్. ఆపైన కొన్ని గంటలు షుగర్ చూస్తూనే ఉండాలి. ఒంట్లోంచి నిజంగా బయటికి పంపేది డయాలసిస్, మూత్రం మందులు, పేగుల్లో పొటాషియాన్ని పట్టే మందులే.

పేషెంటు బాగానే ఉండి రిపోర్టు మాత్రం 6.8 అంటే శాంపిల్‌ను అనుమానించాలి. టోర్నికెట్ (రక్తం తీసేటప్పుడు చేతికి కట్టే పట్టీ) ఎక్కువసేపు ఉంచినా, పిడికిలి పదేపదే బిగించమన్నా, సన్న సూదితో గట్టిగా లాగి ఎర్రకణాలు పగిలినా అంకె అబద్ధంగా పెరుగుతుంది. ఈసీజీ తీసి, శాంపిల్ మళ్ళీ పంపాలి.