మరవ పోయే ఎండ

"ఏమ్మా, పది కిలోవాట్ల సోలార్ ప్లేట్లకి ఏడు కిలోవాట్ల ఇన్వర్టర్ ఏంటికి? తూము ఎవరన్నా చిన్నది పెట్టుకుంటారా?"

2019లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో సోలార్ ప్లాంట్ల లెక్కలు కట్టే ఉద్యోగంలో చేరిన కొత్తలో నాయన ఫోన్లో అడిగిన మాట. ఇన్వర్టర్ అంటే ప్లేట్ల డీసీ కరెంటుని ఇంట్లో వాడే ఏసీగా మార్చే పెట్టె. మాది ధర్మవరం దగ్గర పల్లె. చెరువు నిండితే మరవ (అలుగు) పోతుంది, పోయిన నీళ్లు మళ్లీ రావు. ఆయనకి ఇదీ అట్లాగే తోచింది.

ప్లేటు మీద రాసే వాట్లు చదరపు మీటరుకి 1000 వాట్ల ఎండలో, ప్లేటు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచినవి. జర్మనీలో అంత ఎండ ఏడాదికి కొన్ని గంటలే. ఆ కొన్ని గంటల కోసం పెద్ద ఇన్వర్టర్ కొనడం దండగ. పైగా గ్రిడ్ వాళ్లు దూరం నుంచి తగ్గించే రిమోట్ కంట్రోల్ లేని చిన్న ప్లాంట్లు ప్లేట్ల సామర్థ్యంలో 70 శాతం మించి గ్రిడ్‌లోకి పంపకూడదని 2012 నుంచి ఇక్కడ చట్టం ఉండేది. "మరవ పోయేదేమీ లేదు నాయనా. హద్దు రాగానే ఇన్వర్టర్ వోల్టేజీ పైకి జరిపి, ప్లేట్ల నుంచి తక్కువ లాగుతుంది" అన్నాను. "ఓహో, మోటారుకి వాల్వు బిగించినట్లు" అన్నాడు. నా జర్మన్ ట్రైనింగ్‌లో ఎవరూ ఇంత బాగా చెప్పలేదు.

ఒక ఇంటి ప్లాంటు ఏడాదికి ఎంత కరెంటు ఇస్తుందో కంప్యూటర్లో ముందే లెక్కగట్టే సిమ్యులేషన్‌లో ఈ హద్దు రాయడం పిల్లలాట అనుకున్నాను. గంటకి వచ్చే పవర్, ఇన్వర్టర్ హద్దు, రెండిట్లో ఏది తక్కువైతే అది. ఒక్క లైను. రిపోర్టు పంపేశాను.

ఏడాది తిరిగాక ఆ ఇంటాయన మీటరు రీడింగు నా లెక్క కన్నా తగ్గింది. మా టీమ్ లీడర్ (ఆమెని పేరు పెట్టి పిలవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది) ఏమీ అనకుండా మానిటర్ నా వైపు తిప్పింది. ఏప్రిల్లో ఒకరోజు, నిమిషం నిమిషం రీడింగులు. ఏప్రిల్ ఆకాశం ఇక్కడ స్థిమితంగా ఉండదు. మబ్బు కప్పుతుంది, ప్లేట్లు చల్లబడతాయి, మబ్బు తొలగగానే దాని అంచు వెలుగు కూడా తోడై పవర్ ఎగిసిపడుతుంది. ఒక గంట తీసుకోండి: అరగంట 10 కిలోవాట్లు, అరగంట 2. సగటు 6, హద్దు 7, నా ప్రోగ్రాం లెక్కన నష్టం సున్నా. అసలు జరిగింది వేరు. మొదటి అరగంట 7 దగ్గరే ఆగి మూడున్నర యూనిట్లు, రెండో అరగంటలో ఒకటి, మొత్తం నాలుగున్నర. నేను ఆరు రాసిచ్చాను. ఏడాది మొత్తం మీద తేడా ఇంత ఉండదు గానీ, గ్రాఫులో ఏడు దగ్గర గీత గీసినట్లు తెగిపోయిన ఆ శిఖరాలు చూస్తే చెవులు వేడెక్కాయి.

ఆ వారమే, ఇన్వర్టర్ పెద్దదున్న ఇంకో ఇంటి లెక్కలో రెండో తప్పు కూడా బయటపడింది. హద్దుని ఇన్వర్టర్ దగ్గర పెట్టాను, చట్టం అడిగేది మీటరు దగ్గర. ఇక్కడి ఎలక్ట్రీషియన్లు గట్టి డెబ్భై, మెత్తని డెబ్భై అంటారు. గట్టిదైతే ఇన్వర్టరే 70 దగ్గర ఆగుతుంది. మెత్తనిదైతే ఇంట్లో వాడకం పోను మిగిలిన దానికే హద్దు, మధ్యాహ్నం వాషింగ్ మెషీన్ వేస్తే ఇన్వర్టర్ 70 దాటి కూడా పనిచేస్తుంది. అంటే మోడల్లోకి ఎండతో పాటు ఆ ఇంటి బట్టలు, వంట కూడా రావాలి.

2023 నాటికి కొత్త ప్లాంట్లకి ఆ 70 ఎత్తేశారు. 2025 ఫిబ్రవరి చివర మళ్లీ ఇంకో హద్దు వచ్చింది. కొత్త చిన్న ప్లాంట్లకి స్మార్ట్ మీటరు, కంట్రోల్ పరికరం బిగించేదాకా 60 శాతమే. నాయనకి చెబితే నవ్వాడు. "వాల్వు ఇంకొంచెం బిగిచ్చినారా?" ఇప్పుడు నిమిషం డేటా దొరకనిదే సంతకం పెట్టను. ఒక్క ఇంటికి రన్ రాత్రంతా నడుస్తుంది. పొద్దున ఆఫీసుకి వెళ్లేసరికి ఒకోసారి మధ్యలో ఆగిపోయి ఉంటుంది.